పెద్దక్క మడి

పెద్దక్క పోయిందని మంజుల ఫోన్ చేసినప్పుడు నేను మడివాళ మార్కెట్లో ఆకుకూరల ముందు నిలబడి ఉన్నాను. మంజుల ఒకప్పుడు పెద్దక్క జట్టులో కలుపు తీసిన పిల్ల. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఏదో ఆఫీసు క్యాంటీన్లో పనిచేస్తోంది.

"మూడు దినాలు జొరం మేడం. ఆసుపత్రికి పోదాం రాక్కా అంటే, సుమ్నే, ఊరికే ఉండండే, అదే పోతాది అనింది. తానే పోయింది. మీకు చెప్పల్ల అనిపించి చేసినా" అంది.

కూరలమ్మే ఆమె "ఏన్ బేకు మేడం?" అని రెండుసార్లు అడిగింది. ఏమీ కొనకుండా ఇంటికి వచ్చేశాను.

ఆమె అసలు పేరు నాకు తెలుసు. హాజరు పట్టీలో రోజూ నేనే రాసేదాన్ని. ఇక్కడ మాత్రం రాయను. జట్టులో అందరూ పెద్దక్క అనేవారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే అనేవారు. నేనూ అదే అన్నాను.

ఎనిమిదేళ్ళ క్రితం మాట. వ్యవసాయంలో ఎమ్మెస్సీ చేసి గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి, మడివాళలో లేడీస్ పీజీలో చేరాను. ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, పరీక్ష పొలం ఇంకా అవతల, ఆనేకల్ దాటాక. విదేశాల్లో ఎండు నేలల్లో పెరిగే ఒక మొక్కను మన దగ్గర పంటగా పెట్టించాలని కంపెనీ ఆలోచన. మోకాలెత్తు మొక్క, పసుప్పచ్చ పూలు. మొగ్గ విచ్చకముందు దాని నెత్తి మీద తెల్లగా, చిక్కగా జిగురు ఊరుతుంది. ఆ జిగురు తీసి రంగులకు, వార్నిషులకు, అట్టపెట్టెలు అంటించే బంకకు వాడతారు. మా కాగితాల్లో దానికి పొడుగాటి లాటిన్ పేరు ఉండేది. పొలంలో పనిచేసే ఆడవాళ్ళు మొదటిరోజే దానికి బంకచెట్టు అని పేరు పెట్టేశారు.

నా పని ఆ బంకచెట్టు కలుపు సంగతి తేల్చడం. మొలిచిన తర్వాత రెండు నెలలదాకా ఆ మొక్క చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఆలోపల కలుపు లేచి దాన్ని కమ్మేస్తుంది. చేత్తో తీయించాలంటే రైతుకు మనుషులు దొరకరు. అందుకని కలుపును చంపి ఈ మొక్కను చంపని మందు ఏదో, ఆ మందును ఎంత మోతాదుదాకా ఇది తట్టుకుంటుందో చూడాలి. పొలాన్ని చిన్న చిన్న మళ్ళుగా కట్టాం. కొన్నిటికి ఒక్కో మందు ఒక్కో మోతాదులో కొట్టాం. కొన్నిటిని ఊరికే కలుపుకు వదిలేశాం. ఇంకొన్నిట్లో మాత్రం మందు చుక్క పడకూడదు, కలుపు మొలక కనపడకూడదు, అంతా చేత్తోనే తీయాలి. మందు కొట్టిన మళ్ళు ఎలా ఉన్నాయో వీటితో పోల్చి చూస్తాం. చేత్తో తీసే ఆ మళ్ళు పెద్దక్కవి.

మొదటివారం నేను ఉత్సాహంగా ఆమె మడిలోకి దిగి నాలుగు మొక్కలు పీకాను. పెద్దక్క వచ్చి నా చేతిలోవి చూసింది.

"ఏమమ్మా, ఇవి కలుపని నీకెవరు చెప్పింది?"

"ఆకు వేరేగా ఉంది కదా?"

"మూడూ బంకచెట్లే. ఒకటి మాత్రం కాంగ్రెస్ గడ్డి. నాలుగిట్లో ఒకటి సరిగ్గా పీకినావు. ఇంత చదువు ఏమిటికి చదివినావమ్మా నువ్వు?"

జట్టంతా నవ్వింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె అది చూసింది గానీ ఓదార్చలేదు. నా చెయ్యి పట్టుకుని ఒక మొలక మీద, తర్వాత దాని పక్క మొలక మీద పెట్టించింది. "కంటితో చూస్తే రెండూ ఒకటే మాదిరి ఉంటాయి. చెయ్యి పెట్టి చూడు. ఇది గరుకు, ఇది నున్నన" అంది.

చెయ్యి పెట్టి చూడు. ఆమె నోట రోజుకు పదిసార్లు వచ్చే మాట అది. మన్ను తడి ఉందా అంటే చెయ్యి పెట్టి చూడమనేది. మంజులకు తలనొప్పి అంటే దాని నుదుటి మీద తానే చెయ్యి పెట్టి చూసేది. మా ఆఫీసువాళ్ళు ఎండ ఎంతుందో ఫోన్లో చూసుకుంటుంటే ఆమెకు నవ్వొచ్చేది.

మనిషి పొట్టి. తలకు తువ్వాలు చుట్టి, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడిగి, నోట్లో ఆకూవక్కా పెట్టుకుని పొద్దున్నే మడిలో కూర్చుంటే మధ్యాహ్నందాకా లేచేది కాదు. కూర్చునే ముందుకు జరిగేది. చేతిలో కలుపు తీసే తొలిక ఎప్పుడు మట్టిలోకి దిగిందో, గడ్డి వేరుతో సహా ఎప్పుడు బయటికొచ్చిందో కనపడేది కాదు. కలుపుతో మాట్లాడుతూ తీసేది. తుంగను తిట్టినన్ని తిట్లు ఏ మనిషినీ తిట్టగా నేను వినలేదు. "మళ్ళా వచ్చినావా? నిన్ననే కదే చెప్పింది, రావద్దని" అనేది. గరిక మీద మాత్రం గౌరవం. "దాన్ని పీకితే కోపం తెచ్చుకుంటాది, తవ్వి తీయల్ల" అని మంజులకు నేర్పేది.

మంచిది అని ఊరుకుంటే అబద్ధమవుతుంది. నోరు పెద్దది. మందు కొట్టడానికి వచ్చే మనిషితో రోజూ తగాదా. గాలి తన మళ్ళవైపు వీస్తుంటే పంపు పట్టుకుని కొట్టనిచ్చేది కాదు. మంజుల రాని రోజుల్లో వచ్చిందని నాతో హాజరు వేయించింది, రెండుసార్లు. మూడోసారి నేను వేయనంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు భోజనం దగ్గర, ఏమీ జరగనట్టు, రాగిముద్ద తుంచి నా డబ్బాలో పెట్టింది. ఆ రోజు నుంచే నన్ను అమ్మా అనడం మానేసి పాపా అనడం మొదలుపెట్టింది.

ముద్దలోకి ఆమె తెచ్చే కూర కలుపు నుంచే వచ్చేది. పీకిన గడ్డిలోంచి గంగపాయల, తోటకూర, గలిజేరు వేరుచేసి కొంగులో కట్టుకుని పోయి, అన్నీ కలిపి బెరకాకు వండేది. మందు కొట్టిన మళ్ళ నుంచి ఆకు తీసుకోవద్దని నేను ఒకసారి గుర్తుచేశాను. "తీసుకునేదానికి వాటిల్లో ఏముండాది పాపా?" అంది. నిజమే. మందు బాగా పనిచేస్తోంది. ఆ మళ్ళల్లో కలుపన్నదే లేదు.

ఏదో ఒక మందు గెలిస్తే తన జట్టుకు పని ఉండదని ఆమెకు తెలుసు. మొదట్లోనే అడిగింది. నేను దాచకుండా చెప్పాను. "సరే" అని, ఆ రోజు కూడా మిగతా రోజుల్లాగే తన మళ్ళను అద్దంలా తీసిపెట్టి పోయింది. రెండు గడ్డిపోచలు వదిలేసినా ఆమె మళ్ళ లెక్క తప్పి, మందు మళ్ళ లెక్క కూడా తప్పేది. అంత చిన్న పనితో మా పరీక్షనంతా పాడుచేయగలిగిన మనిషి ఒక్క పోచ కూడా వదల్లేదు.

నాలుగో నెలలో మొగ్గలు వచ్చాయి. మందు వల్ల మొక్కకు హాని జరిగిందా లేదా అన్నది నేను వారానికోసారి కంటితో చూసి మార్కులు వేసేదాన్ని. ఆకు పసుపెక్కిందా, ముడుచుకుందా, ఎదుగుదల ఆగిందా అని చూడాలి. కలుపును బాగా చంపిన ఒక మందు మళ్ళన్నిట్లో మొక్కలు పచ్చగా, ఏపుగా ఉన్నాయి. హాని ఏమీ లేదని సున్నాలు వేసుకుంటూ పోతున్నాను. పెద్దక్క తన మడిలోంచి లేచి వచ్చింది. మందు మడిలో ఒక మొగ్గ పట్టుకుని బొటనవేలితో, చూపుడువేలితో నొక్కి వేళ్ళు విడదీసింది. తీగ సన్నగా సాగి తెగింది. తర్వాత తన మడిలో మొగ్గ నొక్కింది. తీగ చాలాదూరం సాగింది.

"ఇందులో జిగురు తక్కువుండాది పాపా."

"ఒక మొక్కలో అలా ఉందేమో అక్కా."

"వారం దినాలుగా చూస్తాండా. ఆ మందు కొట్టిన మళ్ళల్లో అన్నిట్లో ఇంతే. చెట్టు బాగుండాది. జిగురు లేదు. చెయ్యి పెట్టి చూడు."

పెట్టి చూశాను. ఒక్కో మడిలో పదేసి మొగ్గలు నొక్కాను. నా వేళ్ళకు కూడా తెలిసింది. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసింది.

అక్కడి నుంచే మా మేనేజరుగారికి ఫోన్ చేసి, పెద్దక్క ఇలా అంటోందని మాత్రం చెప్పాను. ఆయన విని నవ్వారు.

"చూడమ్మా, ఆ మందు పాసైతే ఆమె జట్టుకి పని పోతుంది. ఆమె ఇంకేం చెబుతుంది? ల్యాబ్ టెస్ట్ వచ్చే సీజన్‌లో ఎలాగూ ఉంది కదా. ఈలోపు రైతుల అగ్రిమెంట్లు అయిపోవాలి. నీ కన్ఫర్మేషన్ కూడా వచ్చే నెలే కదా? డేటా రాయి, కథలు రాయకు."

ఫోన్ పెట్టేశాను. నా పట్టీలో చివరన రిమార్కులు అని ఒక గడి ఉంది. పెద్దక్క నా పక్కనే నిలబడింది. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ పెన్ను కదులుతోందో లేదో చూడటానికి చదువు అక్కర్లేదు.

"రాసినావా పాపా?"

"ల్యాబువాళ్ళు చూస్తారక్కా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తన మడిలోకి పోయి కూర్చుంది. ఆ రోజు తుంగను కూడా తిట్టలేదు.

కోత కాగానే జట్టును మాన్పించారు. నెల తిరక్కుండా కంపెనీవాళ్ళు ఆనేకల్ దగ్గర ఒక కల్యాణమండపంలో రైతుల సభ పెట్టారు. పంట పెట్టే రైతు కంపెనీ చెప్పిన మందే, చెప్పిన మోతాదులో కొట్టాలి, జిగురు కంపెనీ కొంటుంది, ఇదీ ఒప్పందం. మేనేజరుగారు మాట్లాడాక నన్ను లేపి పరీక్ష వివరాలు చెప్పమన్నారు. చెప్పాను. నా ఉద్యోగం అంతకు వారం ముందే పర్మనెంటు అయింది.

వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పక్కనే పెద్దక్క. తన తమ్ముడు రెండెకరాల రాగిచేను మానుకుని ఈ పంట పెట్టాలనుకుంటున్నాడని ఆమె నాకు అంతకుముందే చెప్పింది. పెద్దక్కకు మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఆ తమ్ముడింట్లోనే ఉండేది. అతని పిల్లలను తానే పెంచింది.

"మేడం, మా అక్క మీ తోటలోనే పనిచేసింది. ఈ మందు కొడితే చెట్టు బాగానే ఉంటాది గానీ జిగురు తగ్గుతాది అంటాది. నిజమేనా?"

మండపంలో అందరూ నావైపు చూశారు. మేనేజరుగారు నా పక్క కుర్చీలో ఉన్నారు. పెద్దక్క నన్ను చూడటం లేదు. ఒళ్ళో పెట్టుకున్న తన చేతులు చూసుకుంటోంది.

"మా పరీక్షల్లో అలాంటిదేమీ రాలేదండీ" అన్నాను.

మాటలవరకు చూస్తే అది అబద్ధం కూడా కాదు. నేను రాయలేదు కాబట్టి రాలేదు. పెద్దక్క లేచి, అబద్ధం చెబుతావా పాపా, నీ వేళ్ళతో నువ్వు చూడలేదా అని అడుగుతుందేమో అనుకున్నాను. అంత నోరున్న మనిషి ఒక్క మాట అనలేదు. తమ్ముడు కూర్చున్నాడు. సభ అయ్యాక అతను సంతకం పెట్టడం చూశాను.

మరుసటి ఏడు పంట చూడటానికి ఎంతో బాగా వచ్చింది. ఫొటోలు తీసుకున్నాం. మొగ్గలు కోసి ల్యాబుకు పంపితే జిగురు పెద్దక్క చెప్పినట్టే తక్కువగా ఉంది. కంపెనీ ఆ సరుకు తీసుకోనంది. ఒప్పందంలో నాణ్యత గురించి ఒక మాట ఉంది, దాన్ని చూపించారు. రైతులు రెండుసార్లు ఆఫీసు గేటు దగ్గరికి వచ్చారు. లోపలికి రానివ్వలేదు. తర్వాత కంపెనీ ఆ పంటనే వదిలేసింది. బంకచెట్టును పశువులు తినవు. ఉన్న కాస్త జిగురుకే పొగ చుట్టుకుంటుందని పొయ్యిలో పెట్టుకోవడానికీ ఇష్టపడలేదు. రైతులు గట్ల మీద కుప్పలు వేసి తగలబెట్టారట. ఇదంతా నేను వినడమే. అప్పటికి నాకు హెబ్బాళ వైపు ఇంకో కంపెనీలో ఎక్కువ జీతానికి ఉద్యోగం వచ్చింది. మారిపోయాను.

రెండేళ్ళ క్రితం బొమ్మనహళ్ళిలో బస్సు కోసం నిలబడి ఉంటే, గార్మెంట్ ఫ్యాక్టరీ షిఫ్టు వదిలి ఆడవాళ్ళు గుంపుగా వస్తున్నారు. ఆ గుంపులోంచి "పాపా!" అని కేక. జుట్టు సగం నెరిసింది. తలకు తువ్వాలు లేదు, మెడలో ఫ్యాక్టరీ బిళ్ళ వేలాడుతోంది. చొక్కాలకు మిగిలిపోయిన దారాలు కత్తిరించే పనట. నిలబడే చేయాలట.

"కూర్చోని పని చేసిన కాళ్ళు పాపా, నిలబడేదానికి ఒప్పుకోవు. ఒకటే నొప్పి" అని నవ్వింది.

పెళ్ళయిందా అని అడిగింది. ఎంతమంది పిల్లలని అడిగింది. పాపకు ఏడాది నిండిందంటే నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. చివరికి "తమ్ముడు ఎలా ఉన్నాడక్కా?" అన్నాను.

"ఉండాడు. సగం చేను లేఅవుటోళ్ళకు ఇచ్చేసినాడు. ఇంక సగంలో రాగి పెడతాండాడు. కంపెనీ క్యాబు తోల్తాడు. పిల్లోళ్ళు బాగ చదువుతాండారు."

"అక్కా, ఆ రోజు నేను..."

"నీ బస్సు వచ్చింది చూడు. ఎక్కు, ఎక్కు. మళ్ళా సీటు దొరకదు" అని నన్ను చేత్తో తోసింది. అది నిజంగా నా బస్సే. ఎక్కాను. ఎక్కకుండా ఉండొచ్చు. ఇంకో పదినిమిషాలకు ఇంకో బస్సు వచ్చేది.

పెద్దక్క పోయిన పదకొండో రోజున వాళ్ళ ఊరు వెళ్ళాను. మంజుల తోడు వచ్చింది. ఇంటిముందు షామియానా. తమ్ముడు నన్ను చూడగానే గుర్తుపట్టాడు. గొడవ పడతాడనుకున్నాను. పడితే బాగుండుననే వెళ్ళానేమో. అతను కుర్చీ తెచ్చి వేశాడు. పదో తరగతి చదువుతున్న కూతుర్ని పిలిచాడు.

"అత్త చెప్తాండ్లా, ఆ మేడం ఈమేనే. దండం పెట్టు" అన్నాడు.

ఆ పిల్ల నా కాళ్ళకు దండం పెట్టి లోపలికి పోయింది. నాకు అర్థం కాలేదు. ఏం చెప్పేది అని అడిగాను.

"అదే మేడం, మీరు చేసింది. ఆ రోజు సభలో మీ సారు పక్కనుంటే మీరు అట్ల చెప్పల్సి వచ్చిందంట గదా. మీరు మాత్రం లోపల కాగితాల్లో అంతా రాసినారంట, జిగురు తగ్గుతాది, రైతులకు ఇయ్యద్దని. అట్ల రాసినందుకే మిమ్మల్ని ఆ కంపెనీ నుంచి తీసేసినారంట. మా చేను పోయినప్పుడు నేను మిమ్మల్ని శానా తిట్నాను మేడం. మీ ఇల్లు ఎతుక్కోని వస్తానని కూడా లేచినాను. అప్పుడు మా అక్క కూర్చోబెట్టి చెప్పింది. నా పక్కనే నిలబడి రాసింది, నేను కండ్లారా చూసినా అనింది."

మంజుల నావైపు చూస్తోంది. దానికి ఎంత తెలుసో నాకు తెలియదు. ఊరుకుంటే సరిపోయేది. ఆ ఒక్క నిమిషం ఊరుకోవాలనే అనిపించింది కూడా.

"నేను రాయలేదు" అన్నాను. "మీ అక్క నా పక్కనే నిలబడింది, నిజమే. రాశావా అని అడిగింది. నేను రాయలేదు. నా వేళ్ళకు తెలిసి కూడా రాయలేదు. నన్నెవరూ తీసేయలేదు. ఎక్కువ జీతం వస్తుందని నేనే వెళ్ళిపోయాను."

షామియానా కింద ఎవరో పిల్లవాడు ఏడుస్తుంటే వాళ్ళమ్మ ఎత్తుకుని బయటికి తీసుకుపోయింది. అతని భార్య విస్తరి వేసి అన్నం వడ్డించింది. నేను లేవబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా అక్కకు తెలుసా, మీరు రాయలేదని?"

"తెలుసు."

అతను తలుపు అవతల ఉన్న కూతురివైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఆ పిల్ల మీ మాదిరే చదవల్లని అగ్రికల్చర్‌కు పోతానంటాది మేడం. అత్త చెప్పి చెప్పి అట్లయింది. మా అక్క అబద్ధం చెప్పిందని దానికి ఇప్పుడు నేను ఎట్ల చెప్పేది?"

నేను విస్తరి ముందుకు జరిగి కూర్చున్నాను.

"తినండి" అన్నాడు అతను. "అది చూస్తాండాది. తినండి."

తిన్నాను.